గోడచెవి గిరిజ

ఆ ఏడు మే నెలాఖర్లో మా తమ్ముడు ప్రణయ్ మస్కట్‌లో మా ఇంటికి వస్తూ ఆవకాయ సీసాలతో పాటు ఒక అట్టపెట్టె మోసుకొచ్చాడు. ఎయిర్‌పోర్టులో విప్పించారట. లోపల అన్నీ పసుపుబారిన బొమ్మల పుస్తకాలే. ఆఫీసరు ఒకటి తీసి తిరగేసి, గోడకి చెవి ఆనించి నిలబడ్డ రెండు జడల పిల్లని చూసి నవ్వి వదిలేశాడట.

"నీవే అక్కా. అమ్మ అటక దులిపించి పాత పేపర్లవాడికి వేసేస్తుంటే ఆపాను" అన్నాడు ప్రణయ్.

గోడచెవి గిరిజ. పద్నాలుగు సంచికలు. నేను ఏడో క్లాసులో ఉండగా ఏలూరులో ఎవరో ఇద్దరు అన్నదమ్ములు చిన్న ప్రెస్సులో అచ్చువేసేవారు. రెండే రంగులు, నలుపూ ఊదా. గిరిజ తొమ్మిదో తరగతి. లెక్కల్లో ఎప్పుడూ ముప్ఫై దాటదు. ఒక వానాకాలం చెవిపోటు వస్తే నాయనమ్మ వెల్లుల్లి వేసి కాచిన నూనె చెవిలో పోస్తుంది. సరిగ్గా అప్పుడే పెరట్లో కొబ్బరిచెట్టు మీద పిడుగు పడుతుంది. అప్పట్నుంచి గిరిజ గోడకి చెవి ఆనిస్తే అవతల ఎంత మెల్లగా మాట్లాడుకున్నా వినబడుతుంది. కానీ విన్నానని ఎవరికైనా చెప్పిందా, శక్తి పోతుంది.

దొంగల్ని పట్టుకోవడం ఆఖరి రెండు పేజీల్లోనే. మిగతా పేజీల నిండా గిరిజ కష్టాలే. స్నేహితురాళ్ళు తన నూనె జడల గురించి నవ్వుకోవడం వింటుంది. ట్యూషన్ మాస్టారు నాన్నతో "ఈ పిల్ల గట్టెక్కదండీ, మిషను కుట్టు నేర్పించండి" అనడం వింటుంది. విని, ఏమీ విననట్టు వచ్చి అన్నం తింటుంది. పన్నెండేళ్ళప్పుడు నాకా శక్తి ఎంత కావాలనిపించేదో చెప్పలేను.

రాత్రి భోజనాల దగ్గర మా అనూహ్యకి చూపించాను. పదో తరగతిలోకి వచ్చింది. పదిహేనేళ్ళు. ఫోను పక్కన పెట్టకుండానే నాలుగు పేజీలు తిప్పింది.

"హీరోయిన్ పవర్ ఇదేనా? చాటుగా వినడం?" అంది. "ఇది పవర్ ఏంటమ్మా, నువ్వు రోజూ చేసేదేగా."

ప్రణయ్ పగలబడి నవ్వాడు. మా ఆయన సూర్యప్రకాశ్ కూడా నవ్వబోయి, ఎందుకో ఆగి, పెరుగు గిన్నె దగ్గరికి లాక్కున్నాడు. వంటగది గుమ్మంలో నిలబడ్డ మా పనిమనిషి జైనబీ తల వంచుకుని లోపలికి వెళ్ళిపోయింది.

అనూహ్య అన్నది అబద్ధం కాదు. నేను దాని ఫోను చూసేదాన్ని. తలుపు వేసుకుంటే బయట రెండు నిమిషాలు నిలబడేదాన్ని. సూర్యప్రకాశ్ సైట్ ఇంజనీరు, డ్యూటీ రెండు గంటల దూరంలో సహం అనే ఊళ్ళో. ఆదివారం తెల్లారి వెళ్తే మళ్ళీ గురువారం సాయంత్రమే రావడం. పగలంతా నేను అజైబాలో పళ్ళ డాక్టరు క్లినిక్కులో, ముందు బల్ల దగ్గర. ఇంట్లో ఆడపిల్ల, జైనబీ. మరి చూసుకోవద్దా అనుకునేదాన్ని.

జైనబీది రాయచోటి దగ్గర పల్లె. మా ఇంటికి వచ్చి ఐదేళ్ళు. వీసా మా ఆయన పేరు మీదే. అనూహ్యకి పొంగు పోసినప్పుడు పది రోజులు దాని మంచం పక్కనే చాప వేసుకుంది. ఆ వేసవి దాకా నేనావిడని అనుమానించిన గుర్తు లేదు.

జూన్ రెండో వారంలో స్కూళ్ళకి సెలవులిచ్చారు. ప్రణయ్ అప్పటికే తిరిగి వెళ్ళాడు. మా అంతస్తులో మూడు కుటుంబాలు ఊళ్ళకి వెళ్ళిపోయాయి. మేము మాత్రం వెళ్ళలేదు. "సైట్‌లో పని నెత్తి మీదుంది, ఈసారికి వద్దు" అన్నాడు సూర్యప్రకాశ్. నేను సరే అన్నాను.

ఒక మధ్యాహ్నం క్లినిక్కు నుంచి త్వరగా వచ్చి, ఏమీ తోచక పుస్తకాల పెట్టె ముందేసుకుని కూర్చున్నాను. మొదటి సంచిక, రెండు, మూడు, ఐదు. నాలుగు లేదు. పెట్టె అడుగున చూశాను, సోఫా కింద చూశాను. అనూహ్యని అడిగాను.

"నాకెందుకమ్మా అవి" అంది, తలెత్తకుండా.

జైనబీని అడిగాను.

"నాకు సదువొస్తాదా మా? మూడో క్లాసు దాకానే గదా" అంది.

మర్నాడు చూస్తే నాలుగు ఉంది. తొమ్మిదికీ పదికీ మధ్య దూర్చి ఉంది. ఈసారి ఏడు లేదు.

పోయిన వస్తువు వెతుక్కోవచ్చు. పోయి తిరిగొచ్చిన వస్తువుని ఏం చేయాలో నాకు తెలియలేదు. నేను అబద్ధం చెబుతున్నానేమో అన్నట్టు అది అక్కడే కూర్చుంది. ఆ రోజు నుంచి ఇంట్లో ప్రతిదీ నాకు వేరేగా కనిపించసాగింది.

జైనబీ బాల్కనీలో బట్టలారేస్తూ ఫోన్లో మాట్లాడేది. అంతకుముందు కూడా మాట్లాడేది కానీ, అప్పుడు వీధి చివరికి వినబడేలా మాట్లాడేది. ఇప్పుడు గొంతు తగ్గించి, నన్ను చూడగానే "మళ్ల జేస్తా" అని పెట్టేసేది. అనూహ్య వంటగదిలో గంటలు గంటలు కూర్చోవడం మొదలుపెట్టింది. నేను వెళితే ఇద్దరూ ఉల్లిపాయల గురించి మాట్లాడుతున్నట్టు మొహాలు పెట్టేవారు. నా ఇంట్లో నేను వస్తున్నట్టు తెలియడానికి చెప్పులు టపటపలాడిస్తూ నడవాల్సి వచ్చేది. కొన్నాళ్ళకి చెప్పులు విప్పేసి నడవడం మొదలుపెట్టాను.

ఒక సాయంత్రం హాల్లో, వంటగది వైపు గోడకి నిజంగానే చెవి ఆనించాను. గోడ చల్లగా తగిలింది. అవతల నుంచి జైనబీ గొంతు వచ్చింది.

"అమ్మకు తెలిస్తే ఏమయితాదో పాపా. నాకు బయమైతాంది."

"నేనున్నాగా. నువ్వు మాత్రం ఏం చెప్పకు" అంది నా కూతురు.

చెవి తీసి వెనక్కి జరిగాను. అబ్బాయి అనుకున్నాను. ఎవడో అబ్బాయి, మధ్యలో జైనబీ. ఇంకేముంటుంది పదిహేనేళ్ళ పిల్ల దగ్గర, అమ్మకు తెలియకూడనిది?

గురువారం సూర్యప్రకాశ్ వచ్చాడు. వారం వారం లాగే ఆ వారం కూడా మామిడిపళ్ళ పెట్టె తెచ్చాడు, ఇంకో సంచి నిండా నిమ్మకాయలు. సహం తోటల పళ్ళు తియ్యగా ఉంటాయి. తెలిసినవాళ్ళ కొట్టు నుంచి తెచ్చానన్నాడు. పళ్ళు కడుగుతూ నేను విన్నదంతా చెప్పాను.

"వయసు పిల్ల చంద్రికా. ఏవో ఉంటాయి వాళ్ళ మాటలు" అన్నాడు.

"జైనబీకేంటి మధ్యలో? ఆవిడ ఫోను గుట్టేంటి? ఆ పుస్తకాలెందుకు మాయమవుతున్నాయి?"

"పుస్తకాలదేముంది. నువ్వు ప్రతిదానికీ ముడిపెడతావ్" అని లేచి స్నానానికి వెళ్ళిపోయాడు.

గుమ్మం దగ్గర ఆయన సైట్ బూట్లు ఉన్నాయి. సిమెంటు దుమ్ము లేకుండా శుభ్రంగా ఉన్నాయి. ఎండాకాలం పని కదా, మధ్యాహ్నాలు ఆపేస్తారు కదా అనుకుని పక్కకి జరిపాను. అనుమానం ఒకవైపే చూస్తుంది. వెనక నుంచి ఎవరొచ్చినా దానికి కనబడదు.

జులై మొదటి శనివారం. సూర్యప్రకాశ్, అనూహ్య సరుకులకి వెళ్ళారు. జైనబీని నేనే కొత్తిమీర వంకతో కింద బకాలా కొట్టుకి పంపాను. ఆవిడ లిఫ్ట్ ఎక్కిన చప్పుడు విని, వంటగది పక్కనున్న చిన్న గదిలోకి వెళ్ళి, మంచం కింద పెట్టె లాగాను.

తాళం లేదు. మడతలు మడతలుగా బట్టలు. ఒక జపమాల, నొప్పుల మందు సీసా, కూతురి పెళ్ళి ఫోటో. మేము పండక్కి ఇచ్చిన చీర, కట్టకుండా, ఇంకా షాపు కవర్లోనే. గిరిజ పుస్తకం లేదు. ఫోటో వెనక మాత్రం మడత పెట్టిన కాగితం దొరికింది. దాని మీద అనూహ్య చేతిరాతతో ఒక పేరు, జాహిదా. కింద ఫోన్ నంబరు.

అబ్బాయి పేరు కాదు. అయినా నాకు ఊరట కలగలేదు. ఎవరీ జాహిదా? నా కూతురు నాకు తెలియని ఆడమనిషి నంబరు రాసి, పనిమనిషి పెట్టెలో ఎందుకు దాచింది?

కాగితం యథాస్థానంలో పెట్టి, బట్టలు సర్ది, పెట్టె తోసేశాను. జైనబీ కొత్తిమీర తెచ్చి బల్ల మీద పెట్టి తన గదిలోకి వెళ్ళింది. ఐదు నిమిషాలకి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"ఏమన్నా బోయిందా మా?" అంది.

"ఏం పోలేదు. ఏం?"

"నేను నీలం చీర పైన పెట్టింటి. అది కిందికి బోయింది."

నేను బల్ల తుడవసాగాను.

"అడిగింటే నేనే తీసి సూపిస్తాంటి గదమా" అంది. గొంతులో కోపం లేదు. ఆకుకూర బాగు చేయడానికి కూర్చుంది.

ఆ రోజు నుంచి తన గది తలుపు మూయడం మానేసింది. పగలూ రాత్రీ బార్లా తెరిచి ఉండేది. పెట్టె మంచం మీద, మూత సగం తీసి, వచ్చేపోయేవాళ్ళకి కనబడేలా ఉండేది. నాతో అవును, కాదు తప్ప మాట్లాడేది కాదు. ఉప్పు ఎంత వేయాలో కూడా అడిగేది కాదు. పనిలో మాత్రం ఎక్కడా తేడా రాలేదు.

పెట్టె వెతికిన రోజే సూర్యప్రకాశ్‌కి చెప్పాను.  "వెతక్కుండా ఉండాల్సింది" అన్నాడు. ఆదివారం దాకా ఆగకుండా ఆ సాయంత్రమే సహం వెళ్ళిపోయాడు.

మా క్లినిక్కులో నర్సు బిల్కీస్ హైదరాబాద్ ఆవిడ. పేషెంట్లు లేనప్పుడు ఫోన్లో నవ్వొచ్చేవన్నీ వెతికి నాకు చూపిస్తుంటుంది. జులై మధ్యలో ఒక బుధవారం పొద్దున్నే నా బల్ల దగ్గరికి కుర్చీ జరుపుకుంది.

"చంద్రికాజీ, ఇది జూడు. మా చెల్లె బిడ్డ పంపింది. ఇక్కడి తెలుగు పోరగాళ్ళందరు దీన్నే షేర్ చేస్తున్నరంట. పాత బొమ్మలకి కొత్త మాటలు రాస్తున్నరు."

ఊదా రంగు. రెండు జడలు. గోడకి ఆనించిన చెవి.

నా పుస్తకాల ఫోటోలే. అట్ట మీద నేను చిన్నప్పుడు పెన్నుతో గీసిన మీసం కూడా ఉంది. బొమ్మల్లోని మాటలు చెరిపేసి చేతిరాతతో కొత్తవి రాశారు. బిల్కీస్ వేలితో పైకి జరుపుతూ చదివింది, నవ్వింది. నేను ఫోను అందుకుని చదవసాగాను.

ఒక బొమ్మలో గిరిజ తల్లి స్టవ్ ముందు నిలబడి ఉంది. "నేను నీ మంచికే తలుపు దగ్గర నిలబడ్డాను." ఇంకోదానిలో గిరిజ ఒక్కతీ మెట్ల మీద కూర్చుంది. "మా ఇంట్లో అందరూ నెమ్మదిగా నడుస్తారు. అందుకే ఎవరు ఎక్కడున్నారో ఎవరికీ తెలియదు."

తర్వాతది నాలుగో సంచికలోది. అసలు కథలో గిరిజ నాన్న రేషన్ కిరసనాయిలు గురించి భార్యతో వాదిస్తాడు. ఇక్కడ ఆయన నోట మాటల్లేవు. గిరిజ గోడవతల నిలబడి అనుకుంటోంది. "నాన్న ఉద్యోగం పోయి రెండు నెలలు. అమ్మకు తెలియదు. నాకు తెలుసని నాన్నకు తెలియదు. వారం వారం మామిడిపల్లు మాత్రం తెస్తారు."

"పల్లు అంట" అని నవ్వింది బిల్కీస్. "మన క్లినిక్కుల పెట్టాలె దీన్ని."

అనూహ్యకి తెలుగు నేనే నేర్పాను, కరోనా రోజుల్లో, ఇంట్లో కూర్చోబెట్టి. ఎన్నిసార్లు దిద్దించినా ళ రాయదు. ల రాస్తుంది. నీల్లు, కాల్లు, పల్లు.

ఫోను బిల్కీస్ చేతికిచ్చి టెర్రస్ మీదికి వెళ్ళాను. ఎండ కళ్ళలోకి పొడిచింది. సూర్యప్రకాశ్ సైట్ ఆఫీసు నంబరు నా దగ్గర ఎప్పటినుంచో ఉంది, అవసరం పడలేదంతే. చాలాసేపు మోగాక ఎవరో ఎత్తారు. వాచ్‌మన్ కమ్రాన్ అని చెప్పుకున్నాడు. సైట్ మే మొదట్లోనే మూసేశారని, ఇంజనీర్లందరూ వెళ్ళిపోయారని, ఇప్పుడు తనూ రెండు కుక్కలూ మాత్రమే ఉన్నామని హిందీలో చెప్పాడు. ప్రకాశ్ సార్ బాగున్నారా అని కూడా అడిగాడు.

బాగున్నారని చెప్పాను.

సెలవు పెట్టి ఇంటికి వెళ్ళేసరికి పదకొండు. అనూహ్య మంచం మీద బోర్లా పడుకుని ఉంది. గుమ్మంలోనే నిలబడి "సహం వెళ్దాం, వస్తావా?" అన్నాను.

నా మొహం చూసింది. ఏమీ అడగకుండా లేచి చున్నీ వేసుకుంది.

బర్కా ఊరు దాటాం. రోడ్డు ఎండకి అల్లాడుతోంది. ఏసీ ఎంత పెంచినా స్టీరింగ్ కాలుతోంది.

"నీకెప్పుడు తెలిసింది?" అన్నాను.

"ప్రణయ్ మామయ్య రాకముందే. నాన్న బాత్రూమ్‌లో గురవయ్య అంకుల్‌తో మాట్లాడుతున్నారు, ఉద్యోగం పోయింది, మీ గోడౌన్‌లో ఉంటానని. నా గది గోడ అదే కదా. నేను వినాలని వినలేదమ్మా."

"నాకెందుకు చెప్పలేదు?"

"నాన్న చెప్పనిది నేనెలా చెప్పను?" కిటికీలోంచి చూస్తూ అంది. "జైనబీకి మాత్రం చెప్పాను. తన వీసా నాన్న పేరు మీదే కదా. ఇది పోతే అదీ పోతుంది. నా ఫ్రెండ్ హుమా వాళ్ళింటి ఓనరు జాహిదా మేడమ్ ఇంట్లో మనిషి కోసం చూస్తున్నారంటే నంబరు రాసిచ్చాను. పాపం, తను అప్పుడు కూడా ఒప్పుకోలేదు. అమ్మని అడక్కుండా ఎట్లా పోతానంది. నువ్వు వినకుండా వాళ్ళ కూతురికి ఫోన్లో చెప్పుకునేది."

ముందు లారీ వెళ్తోంది. దాన్ని దాటడం కూడా తోచక దాని వెనకే నడిపాను.

"మరి ఆ బొమ్మలు? ఊరందరికీ చూపించావు."

"పేర్లు పెట్టలేదుగా. ఎవరికీ తెలీదు. నువ్వు చూస్తావేమో అనుకున్నాను." బెల్టు వదులు చేసుకుంది. "రోజూ నా ఫోన్ చూస్తావు. ఎవరు కాల్ చేశారో చూస్తావు, ఎవరు మెసేజ్ పెట్టారో చూస్తావు. నేనేం గీశానో, ఏం రాశానో ఎప్పుడూ చూడలేదు."

"పుస్తకాలు నచ్చలేదన్నావ్."

"నచ్చలేదనే అనుకున్నా. తర్వాత నాలుగోది చదివాను. దాంట్లో వాళ్ళమ్మా నాన్నా గిరిజని ఒక్కసారి కూడా ఏమైందని అడగరు. పద్నాలుగు పుస్తకాల్లోనూ అడగరు. నువ్వు గమనించావా?"

నేను గమనించలేదు. చిన్నప్పుడు ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. అయినా గమనించలేదు.

గురవయ్య సూర్యప్రకాశ్‌కి పాత స్నేహితుడు, నెల్లూరు మనిషి. సహంలో హైవే నుంచి సముద్రం వైపు తిరిగే దారిలో ఆయన కూరగాయల గోడౌను. మేము వెళ్ళేసరికి రేకుల నీడలో నలుగురు కూర్చుని నిమ్మకాయలు ఏరుతున్నారు. మచ్చలున్నవి ఒక డబ్బాలోకి, మంచివి ఇంకో డబ్బాలోకి. అందులో ఒకరు మా ఆయన. మోకాళ్ళ దాకా మడిచిన ప్యాంటు, మెడ చుట్టూ తువ్వాలు. చేతులు మాత్రం లెక్కగా కదులుతున్నాయి.

నన్ను చూసి లేవలేదు. నా వెనక అనూహ్యని చూసి లేచాడు.

"ఈ ఎండలో ఎందుకొచ్చారు?" అన్నాడు.

"దాహంగా ఉంది" అన్నాను. నా నోట్లోంచి వచ్చింది అదే.

గురవయ్య లోపల్నుంచి నీళ్ళ సీసాలు తెచ్చి, మా ముగ్గురి మొహాలు చూసి, మిగతా ముగ్గురినీ పిలుచుకుని వెళ్ళిపోయాడు. మేము బోర్లించిన డబ్బాల మీద కూర్చున్నాం.

"కంపెనీ మళ్ళీ పిలుస్తామంది. ఇవాళ, రేపు అంటూ వచ్చారు" అన్నాడు సూర్యప్రకాశ్. "సోహార్‌లో రెండు చోట్ల, షినాస్‌లో ఒక చోట ఇంటర్వ్యూలయ్యాయి. ఏదో ఒకటి కుదిరాక చెబుదామనుకున్నా. చెబితే నీకు నిద్ర ఉండదు కదా."

"ఇప్పుడు నిద్రపోతున్నానా?"

తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "ప్రతి గురువారం నువ్వు అడుగుతావేమోనని భయపడుతూ వచ్చేవాణ్ణి. నువ్వు జైనబీని చూస్తున్నావు. పిల్లని చూస్తున్నావు. నన్ను చూడట్లేదు. నాకు అది తేలికైపోయింది చంద్రికా. పెట్టె వెతికానని నువ్వు చెప్పిన రోజు నోటిదాకా వచ్చింది. అప్పుడైనా చెప్పాల్సింది. చెప్పకుండా బండి తీసుకుని వచ్చేశాను."

అంతవరకు నాకు ఆయన మీద జాలిగానే ఉంది. ఆ మాటతో అది పోయింది. వెతికింది నేను. చూస్తూ ఊరుకున్నది ఆయన. ఆవిడేమో గది తలుపు తెరిచిపెట్టుకుని కూర్చుంది.

అనూహ్య వాళ్ళ నాన్న పక్కకి జరిగి, డబ్బాలోంచి నిమ్మకాయ తీసి చూసి, మచ్చ ఉన్న వైపు వేసింది. ఇంకోటి తీసింది. ఆయన కూడా ఒకటి తీశాడు. చివరికి నేనూ వంగాను. ఆ డబ్బా అయ్యేదాకా ముగ్గురం ఏరాం. తర్వాత నా కారు వెనక ఆయన కారు, ఇంటికి వచ్చేశాం.

ఆగస్టులో సూర్యప్రకాశ్‌కి షినాస్‌లో చిన్న కంపెనీలో సూపర్‌వైజర్ పని దొరికింది. మునుపటి హోదా కాదు. ఆ కొత్త వీసా మీద ఇంట్లో మనిషిని పెట్టుకునే వీలు లేదన్నారు. అజైబాలోనే చిన్న ఫ్లాటుకి మారాలనుకున్నాం. జాహిదాకి ఫోన్ చేసింది ఈసారి నేనే. బదిలీ కాగితాల మీద సూర్యప్రకాశ్ సంతకం పెట్టాడు. పెట్టేముందు జైనబీ ఎదుట నిలబడి "తప్పు నాది" అన్నాడు. ఆవిడ "సంతకం యాడ పెట్టాల్నో సూస్కో సారూ, తప్పుబోతే మళ్ల తిప్పుతారు" అంది.

నేను కూడా చెప్పబోయాను. రెండు మూడుసార్లు వంటగది గుమ్మం దాకా వెళ్ళాను. ప్రతిసారీ ఆవిడ చేతిలో ఏదో ఒక పని ఉండేది, నేను వెనక్కి వచ్చేసేదాన్ని. పని లేనప్పుడు వెళ్ళొచ్చని నాకు తోచకపోలేదు.

ఒక శుక్రవారం సాయంత్రం నేను, అనూహ్య కలిసి ఆవిడని జాహిదా ఇంటికి తీసుకెళ్ళాం. మా వీధికి నాలుగు వీధుల అవతల, తెల్ల గేటు, లోపల బోగన్‌విలియా. జాహిదా ఒమానీ ఆవిడ, స్కూలు టీచరు, యాభై ఏళ్ళుంటాయి. హిందీ చక్కగా మాట్లాడుతుంది. ఖర్జూరాలు, ఖహ్వా కాఫీ ఇచ్చి కూర్చోబెట్టింది. జైనబీ తన పెట్టె పక్కన పెట్టుకుని గుమ్మం దగ్గరే నిలబడింది.

జాహిదా కప్పు కింద పెట్టి సూటిగా నన్ను అడిగింది. "ఏమీ అనుకోకండి, ఇంట్లోకి తీసుకునే మనిషి కదా, అడగాలి. ఐదేళ్ళు ఉన్న మనిషిని ఎందుకు వదులుకుంటున్నారు? ఏమైనా తీసిందా?"

జైనబీకి హిందీ వచ్చు. ఆవిడ నేల చూపులు చూస్తోంది. అనూహ్య నా వైపు చూస్తోంది. మా ఆయన వీసా మారిందని చెబితే సరిపోయేది. అది నిజం కూడా.

"ఏమీ తీయలేదు" అన్నాను. "నేనే ఒకరోజు, తను బయటికి వెళ్ళినప్పుడు, తన పెట్టె వెతికాను. మా ఇంట్లో తప్పు వేరేచోట ఉంది. నాకు తన మీద అనుమానం వచ్చింది. పెట్టెలో తన బట్టలు తప్ప ఏమీ లేవు. ఆ తర్వాత కూడా తను మాకు రెండు పూటలా వండి పెట్టింది. ఇప్పటిదాకా నేను తనకి క్షమించమని చెప్పలేదు. ఇప్పుడే చెబుతున్నాను."

 జాహిదా లేచి, జైనబీ పెట్టె తనే ఎత్తబోయింది. జైనబీ "వద్దు మేడమ్, బరువుంటాది" అని హిందీలో చెప్పి తనే ఎత్తుకుంది.

గది చూపించడానికి ఇద్దరూ లోపలికి వెళ్తుంటే నేను లేచి నిలబడ్డాను. లోపలి తలుపు దాటబోయేముందు జైనబీ వెనక్కి తిరిగింది.

"పాపకి జలుబు జేసింది. రొండు దినాలు తలకి పొయ్యద్దు మా" అంది. లోపలికి వెళ్ళిపోయింది.

బయటికి వచ్చి కారెక్కాం. అనూహ్య బెల్టు పెట్టుకుంటూ, కాస్త సంబరంగా, "నీతో మాట్లాడింది కదమ్మా" అంది.

"నాతో కాదు, నీ గురించి మాట్లాడింది" అన్నాను.

అది ఇంకేదో అనబోయి ఊరుకుంది. నేను కారు తీయలేదు. "సరే, ఏదో అనబోయావ్, చెప్పు" అని దాని వైపు తిరిగి కూర్చున్నాను.